ఓడిన ఊరి నుంచి బస్సెక్కిన మనిషి

మా డ్రిల్లు మాస్టారు పోయారన్న మాట విన్నప్పుడు నేను నమ్మలేదు. దుఃఖం పట్టలేక నమ్మకపోవడం కాదు. కబురు తెచ్చిన మనిషిని బట్టి నమ్మలేదు. శ్రీకాకుళం నుంచి సాలూరు తిరిగి వెళ్తున్న లారీ ఒకటి మా బజారులో ఆగింది. డ్రైవరు దిగి టీ గ్లాసు పట్టుకుని, "మీ డ్రిల్లు మేస్టారు పోనారంట గదా" అన్నాడు. నీదే ఊరని అడిగాను. చెప్పాడు. చెడుగుడు పోటీలో మాస్టారి ఈల దెబ్బకి పందెం పొట్టేలు పోగొట్టుకున్న ఊరు అది. ఆయన్ని పాము కరిచిందని ఒకసారి, ఒరిస్సా పారిపోయారని ఒకసారి పుకారు పుట్టించింది కూడా ఆ ఊరివాళ్ళే.

"నువ్వు కళ్ళారా సూసేవేటి?" అన్నాను.

"నానేటి సూస్తాను బాబూ. పెద్దాసుపత్రి కాడ అనుకుంతన్నారు."

"అనుకున్నోలు ఎవులు?"

"ఓర్నాయనో! మడిసి పోనాడంతే ఇన్ని పెశ్నలేటి?" అని టీ సగంలో వదిలేసి లారీ ఎక్కిపోయాడు.

సైకిలు మీద ఆయన ఇంటికి వెళ్ళాను. వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. ఇంట్లో ఆయన ఒక్కరే కాబట్టి ఎప్పుడూ ఒక రెక్క వేసే ఉంచేవారు. అరుగు మీద చర్చి పెద్దలు ఇద్దరు తలలు దించుకుని కూర్చున్నారు. అప్పుడు నమ్మాను. పొద్దున్న ఛాతీలో నొప్పిగా ఉందని ఎవరికీ చెప్పకుండా తనే బస్సెక్కి శ్రీకాకుళం వెళ్ళారట. సాయంత్రానికి శవాన్ని తీసుకొచ్చారు. ఆ బస్సులో నేను పక్కన లేకపోయానే అని ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

ఆయన జీతం మా హైస్కూల్లో పిల్లల చేత కసరత్తు చేయించినందుకు వచ్చేది. పేరూ తిట్లూ మాత్రం చెడుగుడు పోటీల్లో ఈల ఊదడం వల్ల వచ్చాయి. నాగావళికీ వంశధారకీ మధ్య ఊళ్ళలో పంట కోతలైపోయాక ఎక్కడ పందెం ఆట జరిగినా ఆయన ఉండాల్సిందే. కళింగపట్నం ఇసకలో పడవలవాళ్ళు ఆడుకునే ఆటకి కూడా పిలిచేవారు. ఆయనది బాప్టిస్టు మిషను కుటుంబం. ఆదివారం పొద్దున్న చర్చిలో పాట, సాయంత్రం బరిలో ఈల. రెంటికీ ఊపిరి ఒకటే కదా అనేవారు.

నేను అదే స్కూల్లో లెక్కలు చెబుతాను. అనుమానం మా ఇంటి ఆస్తి. మా అమ్మ పాలవాడి చెంబు బోర్లించి చూపిస్తే గాని పాలు పోయించుకునేది కాదు. మా నాన్న విజయనగరం టిక్కెట్టు కొని, అది విజయనగరానికేనా అని ముగ్గురి చేత చదివించుకునేవాడు. తనకి చదువు వచ్చు. అయినా తన కళ్ళ మీద తనకి నమ్మకం లేదు. అటువంటి ఇంట్లో పుట్టినవాణ్ణి కనక, ఒక మనిషిని గురించి మంచి రాయాలంటే నాకు చెయ్యి ఒక పట్టాన కదలదు. ఇది చదివేవారు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆటల్లో అన్నిటికంటే కష్టమైన పని ఏదని ఒకసారి మా స్టాఫురూములో వాదన వచ్చింది. ఫుట్‌బాలులో గోలు కాసేవాడిదని సైన్సు మాస్టారు. తక్కినవాళ్ళంతా తప్పు చేసినా తిట్టు అతనికే వస్తుందట. కుస్తీ పట్టేవాడి పెళ్ళానిదని హిందీ పండితులు. ఆ తిండి వండి వార్చలేక ఆవిడ సగమైపోతుందట. పాయింట్లు లెక్క రాసేవాడిదని నేను. డ్రిల్లు మాస్టారు ఒక మూల కూర్చుని తెగిన వాలీబాలు వల ముడులు వేసుకుంటున్నారు. ఆయన్ని అడిగితే తల ఎత్తకుండా, "ఓడిపోయిన ఊర్లో బస్సెక్కడం" అన్నారు.

అందరం నవ్వాం.

"నవ్వుతారేటి? గెలిసినోలు ఎగురుకుంటూ ఎలిపోతారు. ఓడినోలు అక్కడే ఉంటారు. బస్సొచ్చీదాకా ఆలతోనే నిలబడాల. అది సెయ్యగలిగినోడే ఈల పట్టాల."

ఆయన కావాలనే అలా చేసేవారు. రెండు దారులుంటే ఓడిన ఊరి దారినే నడిచి, ఆ ఊరి బస్సు స్టాపులోనే నిలబడేవారు. దెబ్బలు తినాలని సరదా ఏమోనని నాకు అనుమానం వచ్చింది. అడిగేశాను. "గెలిసిన ఊర్నుంచి ఎక్కితే ఆల బండిలో ఎలిపోనాడంటారు. ఇక్కడ నిలబడితే తిడతారు. తిట్టీసినోడు అన్నం తిని పడుకుంటాడు. తిట్టకుండా ఇంటికెల్లినోడే కర్ర ఎతుకుతాడు" అన్నారు. ఒకసారి నా కళ్ళ ముందే ఒక ముసలాయన ఆయన్ని తరాలు వరసపెట్టి తిట్టాడు. మాస్టారు చేతులు కట్టుకుని, మధ్యమధ్య "అవును మావా" అంటూ విన్నారు. చివరికి ఆ ముసలాయనే బస్సుకి చెయ్యెత్తి ఆపి, "ఎక్కు ఎక్కు, పొద్దుపోనాది" అని ఎక్కించాడు.

ఆట ఉన్న రోజు ఏ ఊళ్ళోనూ పచ్చి మంచినీళ్ళు ముట్టేవారు కాదు. మరచెంబులో రాగుల చోడంబలి, ఒక ఉల్లిపాయ తనే తెచ్చుకునేవారు. ఒక ఊరి ఉప్పు తింటే రెండో ఊరు ఊరుకోదు. ఈ బాధ పడలేక ఒకసారి రెండు ఊళ్ళ పెద్దలూ కూడబలుక్కుని, పొలిమేర మీద పొయ్యి పెట్టి, చెరిసగం బియ్యం పోసి వండించారు. ఆయన విస్తరి ముందు కూర్చుని, "ఇందల ఉప్పు ఏ ఊరిది?" అని అడిగారు. పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆయన లేచి చెట్టు కిందకి వెళ్ళి అంబలి తాగారు. ఇంత చాదస్తం వెనక ఏదో ఉందని నేను చాలాకాలం కనిపెట్టి చూశాను. ఏమీ లేదు. చాదస్తమే.

అవి అసలే అనుమానాల రోజులు. కొండల వైపు అలజడి మొదలయ్యాక పోలీసులకి మాస్టార్లంటేనే గురి కుదరడం మానేసింది. ఒకసారి పార్వతీపురం దారిలో మా బస్సు ఆపి సంచీలు వెతికారు. ఆయన సంచీలో పొడుగాటి తాడు, సున్నం మూట, ఈల దొరికాయి.

"తాడెందుకు?"

"గీతలు గియ్యడానికండి."

"ఈల ఎవడికి సైగ?"

"రెండు జట్లకీనండి."

"నువ్వే జట్టు?"

"నాకు జట్టు లేదండి."

ఈ కాలంలో ఏ జట్టూ లేని మనిషుంటాడా అని వాళ్ళకి అనుమానం ఇంకా ముదిరింది. మమ్మల్ని కిందకి దింపి కూర్చోబెట్టారు. చివరికి ఒక కానిస్టేబులు వచ్చి ఆయన మొహం పరకాయించి చూసి, "ఈయన మంచోడే సార్. కుర్రతనంలో నన్ను అవుటు సేసేడు" అన్నాడు. ఒకడు అవుటు చేసినందుకు మంచివాడని సాక్ష్యం పలకడం నేను అదే వినడం.

నన్ను తనతో తిప్పుకోవడానికి కారణం కూడా నా గుణమే. మధ్యగీత కొసన నిలబడి, కాలూ చెయ్యీ గీత దాటిందా లేదా చూసే పని నాది. "మీరు ఎవుల్నీ నమ్మరు లెక్కలు మాస్టారూ. నాకు అలాటి మడిసే కావాల" అన్నారు మొదటిసారి. పొగిడారో తిట్టారో ఇప్పటికీ తేల్చుకోలేదు. చూపు నాది, చెవి ఆయనది. చెడుగుడు తెలిసినవాళ్ళకి ఈ ముక్క చెప్పక్కర్లేదు. కూతకి వెళ్ళినవాడు ఒక్క ఊపిరిలో కూత ఆపకుండా అవతలి జట్టువాణ్ణి తాకి, తన గీతకి తిరిగి రావాలి. పట్టుకున్నా సరే, కూత తెగకుండా చెయ్యి గీతకి అందితే పట్టినవాళ్ళందరూ అవుటు. గీత మీద చెయ్యి పడటం ఊరంతా చూస్తుంది. ఊపిరి తెగడం మాత్రం, ఆ గోలలో, వాడి మీదకి వంగి చెవి పెట్టినవాడికే తెలుస్తుంది. అంటే ఒక్కడికి.

ఆయనకి ఒక్కతే కూతురు. పిల్ల చిన్నప్పుడే తల్లి పోయింది. డ్రిల్లులో పిల్లల్ని వరసలో నిలబెట్టినట్టే రెండు జడలూ సమానంగా వేసి, రిబ్బన్లు ఒక ఎత్తులో కట్టి బడికి పంపేవారు. ఏటికి ఇవతల ఒక ఊరిలో ఇచ్చారు. ఊళ్ళ పేర్లు రాయను. రాస్తే మళ్ళీ తగువు. అల్లుడు మంచి రైతు, అంతకంటే మంచి కూతగాడు. మావగారూ అల్లుడూ కూర్చుంటే పొద్దు పోవడం తెలిసేది కాదు. క్రిస్మస్‌కి ముగ్గురూ, తరవాత పుట్టిన పిల్లతో నలుగురూ, ఆ చిన్న ఇంట్లో కిక్కిరిసి ఉండేవారు. ఆయన ఇల్లు కళకళలాడటం ఆ నాలుగు రోజులే.

అరవై ఏడులో, ఆ ఊరికీ ఏటి అవతలి ఊరికీ పందెం పడింది. పొట్టేలు పేరుకే. అసలు సంగతి ఎప్పటిదో గట్టు తగాదా. ఈల ఎవరు పట్టాలన్న దగ్గర ఆగిపోయింది. ఒకరిని చెబితే ఒక ఊరు వద్దంది, మరొకరిని చెబితే రెండో ఊరు వద్దంది. చివరికి రెండు ఊళ్ళూ కలిసి మా మాస్టారి పేరు చెప్పాయి. "అల్లుడు ఆడతన్నాడు, నాను రాను" అన్నారాయన. అవతలి ఊరివాళ్ళే పట్టుపట్టారు. నాకది చూడగానే వాసన తగిలింది.

"అల్లుడి వైపు మొగ్గేడంటారని మీరు బయపడి ఆల వైపు ఊదుతారని ఆల లెక్క" అన్నాను.

"తెలుసు."

"మరెందుకు ఒప్పుకున్నారు?"

"నాను కాదంతే ఈల లేకుండా ఆడతారు. అప్పుడు కర్రలు లెగుస్తాయి."

ఆట రోజు ఆయన సున్నం గీతలు వేస్తుండగా కూతురు చంకలో పిల్లతో, చేతిలో మజ్జిగ గ్లాసుతో బరిలోకి వచ్చింది. అప్పటికే రెండు ఊళ్ళ జనం గట్ల మీద ఎక్కి కూర్చున్నారు. అందరి కళ్ళూ ఆ గ్లాసు మీదే.

"వొద్దమ్మా" అన్నారు.

"ఉప్పెయ్యలేదు నాన. సూడు" అంది.

ఆ పిల్ల తెలివికి నాకు ముచ్చటేసింది. తండ్రి నియమం తెలుసు, దానికి తగ్గట్టే చేసుకొచ్చింది. ఆయన చెయ్యి ఒకసారి కదిలింది కూడా. అవతలి గట్టు మీద ఎవడో దగ్గాడు. ఆయన మొహం తిప్పుకుని తాడు చుట్టడం మొదలుపెట్టారు. ఆమె కాసేపు నిలబడి, గ్లాసు తొణక్కుండా పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆట వివరం రాస్తే చాలా ఉంది. చివరి కూత ఒక్కటే చెబుతాను. అల్లుడి జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. కూతకి వెళ్ళింది అల్లుడే. ముగ్గురు పడి పట్టేశారు. వాళ్ళని ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ, బోర్లా పడి, కూత పెడుతూనే, ఒక్కో జానా పాకుతూ గీత వైపు వస్తున్నాడు. మాస్టారు మోకాళ్ళ మీద కూలబడి అతని నోటి దగ్గర చెవి పెట్టారు. జనం అరుపులకి నాకు నా గుండె చప్పుడే వినపడటం లేదు. అల్లుడి చెయ్యి చాచి గీత మీద పడింది. నేను చూశాను. వేళ్ళకి సున్నం అంటింది. అదే క్షణంలో ఈల మోగింది. అదే క్షణమా, ఒక రవ్వ ముందా? ఇవతలి ఊరు గెలిచామని గంతులేసింది. మాస్టారు లేచి నిలబడి, చెయ్యి అవతలి ఊరి వైపు చూపించారు.

"కూత తెగింది. సెయ్యి తరవాత పడింది. అవుటు" అన్నారు.

ఎవరూ కొట్టలేదు. కొడితే బాగుండేదనిపించింది. అవతలి ఊరివాళ్ళు పొట్టేలు తోలుకుపోతూ కూడా, "ముందర అల్లుడికి రెండు పాయింట్లు ఉత్తినే ఇచ్చీసేడు, సివర్లో సరిసేసేడు" అని గొణుక్కున్నారు. గెలిచి కూడా అనుమానమే. ఇవతలి ఊరి బస్సు స్టాపులో మేం నిలబడితే ఊరంతా చుట్టూ మూగింది. తిట్లు లేవు. జట్టు పెద్ద మాత్రం ముందుకొచ్చి, "పేరు కోసం అల్లుణ్ణి అమ్ముకున్నావు మేస్టారూ" అన్నాడు.

కూతురు జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"ఊరంతా సెయ్యి పడ్డం సూసింది నాన. నువ్వొక్కడివే సూడలేదేటి?"

"నాను ఇన్నాను అమ్మా."

"నా సేతి మజ్జిగ తాగనప్పుడే అనుకున్నాను. మా పీక కొయ్యడానికే వొచ్చేవు. ఈ ఊర్లో రేపట్నుంచి నా మొకం ఎలా సూపించాల? నీకు నీ పేరే గావాల. నాను అక్కర్లేదు."

అల్లుడు ఆమె వెనక దూరంగా, మట్టి కూడా కడుక్కోకుండా నిలబడి ఉన్నాడు. బస్సు వచ్చింది. ఆ బస్సుకి చెయ్యెత్తి ఆపింది నేనే.

బస్సులో అడిగాను. "నిజంగా తెగిందా?"

ఆయన మెళ్ళోంచి ఈల తీసి సంచీలో వేసుకుని, కిటికీ వైపు తిరిగారు. మర్నాటి నుంచి ఈల పట్టడం మానేశారు. రెండు మూడు ఊళ్ళవాళ్ళు వచ్చి వెనక్కి వెళ్ళారు. ఒకరోజు సాయంత్రం స్కూలు గ్రౌండులో నేను పట్టు వదలకుండా మళ్ళీ అడిగాను.

"తెగిందనే ఈలేసేను" అన్నారు. "ఇంటికెల్లి అన్నం ముందర కూకుంతే ఒక అనుమానం వొస్తన్నాది. తెగడం ఇన్నానా? తెగితే బాగున్ను, నా పేరు నిలబడతాదని లోపల ఎక్కడో అనుకున్నానా? అల్లుడు గాకుండా ఇంకోడైతే అంత బేగి ఊదుదునా? ఊరు అనుమానిస్తే బస్సెక్కి ఎలిపోవచ్చు. నా మీద నాకే అనుమానం వొస్తే ఏ బస్సెక్కాల మాస్టారూ?"

అనుమానం నాకు ముప్పొద్దులా తినే తిండి. అది ఒక మనిషిని అలా తినేయడం నేను మొదటిసారి చూశాను.

ఆ ఆట జరిగిన మూడు వారాలకి ఒక విచిత్రం జరిగింది. ఒక ఉదయం ఆయన ఈల మెళ్ళో వేసుకుని, నవ్వుతూ స్కూలుకి వచ్చారు. ఫలానా ఊళ్ళో ఆట ఉంది, వస్తారా అన్నారు. ఆ మనిషి మొహంలో బాధ ఎటు పోయింది? ఎవరు ఏం చెప్పారు? కూతురితో రాజీ పడ్డారా అంటే అదీ లేదు. నేను ఎన్ని విధాల కూపీ లాగినా, "పని ఉన్నాది, ఎల్దాం పదండి" అనేవారు. నా దగ్గర ఏదో దాస్తున్నారని రూఢిగా తెలుసు. దాచిందేమిటో ఆయన బతికుండగా తెలియలేదు.

కూతురు మాత్రం రాలేదు. ఆ క్రిస్మస్‌కి ఆయన శ్రీకాకుళం వెళ్ళి నేత చీర కొని, గుడ్డలో మూటకట్టి, సాలూరు లారీ మీద పంపించారు. నాలుగు రోజులకి మూట తిరిగొచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

"రంగు నచ్చనేదు గావాల" అన్నారు.

నేను మూట ముడి చూశాను. వాలీబాలు వలకి ఆయన వేసే ముడి, ఆయన తప్ప ఎవరూ వేయలేరు. విప్పకుండా రంగు ఎలా తెలుస్తుంది? నేను ముడి వైపు చూడటం ఆయన చూశారు. మూట తీసి పెట్టెలో పెట్టేసుకున్నారు. మరుసటి క్రిస్మస్‌కి చీర కొనలేదు. ఆ రోజు చర్చి అయ్యాక మా ఇంటికి వచ్చి, మా ఆవిడ పెట్టిన అరిసె తిని, "బాగున్నాది, మా గుంటకి అరిసెలంతే ఇష్టం" అని వెళ్ళిపోయారు.

అది జరిగిన కొన్ని నెలలకే ఆయన పోయారు. సమాధి రోజు కూతురు వచ్చింది. ఏడవలేదు. పెట్టె మీద అందరూ మట్టి వేశాక, తన వంతు వేసి పక్కకి తప్పుకుంది. కోపం ఇంకా చల్లారని మనిషికి ఏడవటానికి కూడా లేదు.

తరవాత చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. మావాళ్ళలో లేని ఆచారం ఒకటి వాళ్ళలో ఉంది. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు, "పోయిన సహోదరుణ్ణి గురించి ఎవరైనా సాక్ష్యం చెప్పాలంటే చెప్పొచ్చు" అంటారు. ఎవరికి ఏది తోస్తే అది లేచి చెప్పాలి. దేవుడి ఎదుట కనక అబద్ధం చెప్పకూడదు. చాపల మీద ఒక వైపు మగవాళ్ళం, ఒక వైపు ఆడవాళ్ళు. రెండు ఊళ్ళ జట్లవాళ్ళూ వచ్చారు. హిందువులు గోడవారగా ఇబ్బందిగా కూర్చున్నారు. మా హెడ్‌మాస్టరు నాలుగు ముక్కలు చెప్పారు. అవుటైన కానిస్టేబులు కూడా లేచి "నన్ను అవుటు సేసేడు" అని ఒక్క ముక్క చెప్పి కూర్చున్నాడు. నేను లేవలేదు. దేవుడి ఎదుట చెప్పేటంత నమ్మకంగా నాకు ఏ సంగతీ తెలియదు.

అప్పుడు అల్లుడు లేచాడు.

"ఆ ఆటలో నా ఊపిరి తెగింది" అన్నాడు. "సెయ్యి పడకముందే తెగింది. మావ ఈల నిజం."

చాపల మీద జనం కదిలారు. అతను ఆగలేదు.

"మూడు వారాలకి మావ కాడికి ఎల్లేను. తెల్లారగట్ల గ్రౌండులో గీతలేస్తన్నాడు. ఇలగ తెగింది మావా అని సెప్పేను. సున్నం బొచ్చె పక్కన పెట్టీసి, నేల మీద కూకుండిపోనాడు. 'బతికించేవురా' అన్నాడు. మరైతే ఊర్లో సెప్పీమంటావా అనడిగేను. వొద్దన్నాడు. 'నువ్వు ఆ ఊర్లో బతకాల. నాను బస్సెక్కి వొచ్చీసినోణ్ణి' అన్నాడు. మరి అమ్మికి సెప్తానన్నాను. 'దానికసలు సెప్పకు. సెప్తే ఊరుకోదు. నా తరపున ఈదిలో నిలబడి ఊరంతటితో తగువేసుకుంటాది. నీ కాపరం పాడైపోద్ది. దాని కోపం నాలుగు రోజులకి పోతాది' అన్నాడు. పోతాదని ఆయన అనుకున్నాడు. నానూ అనుకున్నాను."

అక్కడ ఆగి, నోరు తడుపుకున్నాడు.

"ఆయన సెప్పొద్దన్నాడని సెప్పలేదు. దేవుడి ముందర అబద్దమెందుకు? నాకూ అదే కావాల. ఊరు నన్ను ఎత్తుకుని తిరుగుతున్నాది. మావే అన్యాయం సేసేడని అంటన్నారు. అది అలగే ఉండనీ అనుకున్నాను."

జట్టు పెద్ద గోడవార నుంచి, కూర్చునే, "ఇప్పుడు మావ సచ్చిపోనాడు గనక సెప్తన్నావు. ఆయన పేరు నిలబెట్టాలని. మాకు తెలవదేటి?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు తలలూపారు. అవతలి ఊరివాళ్ళు కూడా నమ్మినట్టు లేరు. తమకి న్యాయం జరిగిందన్న సాక్ష్యం వాళ్ళ చెవిన పడినా, ఇందులో మర్మమేమిటా అన్నట్టే చూశారు.

నేను మటుకు వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. మూడు వారాలు. ఆయన నవ్వుతూ ఈల మెళ్ళో వేసుకుని వచ్చిన ఉదయానికి సరిగ్గా సరిపోయింది. నమ్మాను. నాలాంటివాడు నమ్మాడంటే ఆ మాటలో నిజం ఎంతుందో చదివేవారే ఆలోచించుకోవాలి. నమ్మిన మరుక్షణం నాకు మా మాస్టారి మీద చెప్పలేనంత కోపం వచ్చింది. తన మీద తనకున్న అనుమానం తీరిపోయింది, చాలనుకున్నారు. లోకమంతా తిట్టినా నిలబడగలనన్న ధీమాతో, కూతురి తిట్టు కూడా ఆ జాబితాలోనే వేసుకున్నారు. అల్లుడి పరువు చూశారు, కాపరం చూశారు. ఆ పిల్లకి తండ్రి కావాలన్న సంగతి చూడలేదు. ఎంత మంచి మనిషండీ, ఎంత తప్పు తీర్పు.

ఆడవాళ్ళ వైపు కూతురు లేచి నిలబడింది. చంకలో పిల్ల నిద్రపోతోంది. ఆమె జట్టు పెద్ద వైపు చూడలేదు, పాస్టరుగారి వైపు చూడలేదు. నిలబడి ఉన్న మొగుణ్ణే చూసింది.

"రెండు కిస్మస్‌లు" అంది. "రెండు కిస్మస్‌లు నాను మా నాన మొకం సూడలేదు. నాకైనా సెప్పకూడదేటి?"

గొంతు పెద్దది చేయలేదు. ఇంట్లో మాట్లాడుకున్నట్టే అంది. తండ్రి అనుకున్నట్టు వీధిలో నిలబడి అరిచే మనిషిలా లేదు. పాస్టరుగారు పాటల పుస్తకం తెరిచి, ఏ పాటా చెప్పకుండానే ఒళ్ళో పెట్టుకున్నారు. బయట శ్రీకాకుళం బస్సు హారను కొట్టి ఆగింది, ఎవరూ ఎక్కక వెళ్ళిపోయింది. ఆమె అలాగే జవాబు కోసం చూస్తూ నిలబడింది. ముగ్గుర్ని ఈడ్చుకుంటూ గీత దాకా వచ్చిన ఆ మనిషి చేతులు వేలాడేసుకుని, చాపల మధ్య ఒక్కడూ నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.